మర అడుగు కారం

సోమవారం పొద్దున కాలేజీ ల్యాబ్‌లోకి అడుగుపెట్టేటప్పటికి జాహెదా చేతిలో ఉన్న సరుకు ఇదీ: గాజు సీసా నిండా కారం, నరసరావుపేటలో వాళ్ళ నాన్న షౌకత్ కారం మరకున్న మంచిపేరు, ఫుడ్ టెక్నాలజీలో మూడో ఏడు దాకా ఎక్కడా తప్పకుండా తెచ్చుకున్న మార్కులు. ఇంతకన్నా తక్కువతో వ్యాపారంలోకి దిగినవాళ్ళు బజారులో చానామంది ఉన్నారు. అందుకే ఆమె దిగులేం లేకుండా, నిజం చెప్పాలంటే కాస్త మిడిసిపాటుతోనే, సీసాను బల్ల మీద అందరికీ కనపడేటట్టు పెట్టింది.

ఆ రోజు ప్రాక్టికల్, మసాలా దినుసుల్లో కల్తీ పట్టుకోవడం. ఎవరి శాంపిల్ వాళ్ళే తెచ్చుకోవాలని ల్యాబ్ చూసే శ్రీదేవి మేడం ముందే చెప్పింది. శాంపిల్ అనేది కాలేజీ మాట. మిర్చి వ్యాపారంలో దాన్ని మచ్చు అంటారు. గుప్పెడు కాయ చూసి బస్తా ధర కడతారు కాబట్టి, అమ్మేవాడెవడైనా మచ్చుకి మంచి కాయనే పైకి తేల్చి పెడతాడు. జాహెదా పెరిగింది మర గల్లాపెట్టె పక్కన. ఆమె చెయ్యి కూడా ఆ అలవాటు మీదే పోయింది. మరలో రెండు రకాల కారం ఉంటుంది. రైతులూ, ఇళ్ళవాళ్ళూ సొంత కాయ తెచ్చుకుని పట్టించుకుపోయేది ఒకటి. గల్లా పక్కన రేకు డబ్బాలో పోసి చిన్న పొట్లాలు కట్టి అమ్మేది ఇంకొకటి. రెండిట్లో డబ్బాలో కారమే ఎర్రగా నిగనిగలాడుతూ కనపడింది. దాన్నే సీసాకెత్తుకొచ్చింది.

"ఏందే, పెళ్ళిచూపులకి తయారు చేసినట్టు తయారు చేశావు సీసాని?" అంది పక్క బల్ల దగ్గర నిస్సీ. ఆమెది శావల్యాపురం, ఉండేది కాలేజీ హాస్టల్లో.

"మా మర కారం. రంగు చూడు ముందు."

"నాది మా మెస్సు కారం. వంటాయన్ని అడిగితే ఇవ్వనన్నాడు. ఉల్లిపాయలు కోస్తా బాబాయ్ అని లోపలికి పోయి, చున్నీ చెంగున కట్టుకొచ్చా."

పరీక్ష పెద్ద కష్టమైంది కాదు. కారాన్ని కాస్త పుల్లటి నీళ్ళలో కలిపి వడగట్టి, అందులో తెల్ల ఊలు దారం ముక్క వేసి మరిగించాలి. తర్వాత దారాన్ని తీసి పంపు కింద కడగాలి. మిరపకాయకి పుట్టుకతో వచ్చిన ఎరుపు నూనెలో కరిగే రకం; ఊలుని పట్టుకోదు, కడిగితే పోతుంది. మనిషి కలిపిన రంగైతే దారాన్ని వదలదు.

క్లాసులో చానామంది దారాలు కడిగాక పాలిపోయిన పసుపుతో బయటికొచ్చాయి. జాహెదా దారం గులాబీ రంగులో వచ్చింది. ఆమె మళ్ళీ కడిగింది. వేళ్ళ మధ్య నలిపి కడిగింది. సబ్బు పెట్టబోతే నిస్సీ చెయ్యి పట్టుకుంది.

"సాయిబు గారి కారం ఊలుక్కూడా ఎక్కేసింది మేడం!" వెనక బల్ల నుంచి దుర్గాప్రసాద్ అరిచాడు. ల్యాబంతా గొల్లుమంది.

శ్రీదేవి మేడం వచ్చి దారాన్ని వెలుగుకి పట్టి చూసింది. ఆమె చిన్న వయసు మనిషే. ఏడాదికొకసారి కాంట్రాక్టు పొడిగిస్తేనే ఉద్యోగం. "వచ్చింది వచ్చినట్టు రాయమ్మా," అంది. "సైన్సులో మొహమాటం ఉండదు."

జాహెదా రాసింది. 'షౌకత్ కారం మర, లూజు కారం: కృత్రిమ రంగు ఉంది.' తన చేత్తో తన ఇంటి పేరు రాయడం, నోట్లో కారం పెట్టుకుని నీళ్ళు తాగకుండా నిలబడ్డట్టు ఉంది.

ఆ వెంటనే మేడం నిస్సీ బల్ల దగ్గరికి పోయింది. నిస్సీ దారం ఇంకా ముదురుగా, దానిమ్మ గింజలా ఉంది. మేడం దాన్ని వెలుగుకి ఎత్తలేదు. బీకరు పక్కన పెట్టించి, గొంతు తగ్గించి, "ఇది రీచెక్ చేద్దాం. ఇప్పుడే రాయొద్దు," అంది.

జాహెదా చూసింది. రెండు దారాలూ ఒకే తప్పు చెబుతుంటే తూకపు రాళ్ళు మాత్రం వేరు వేరు. ఇట్లాంటి తూకం బజారులో ఎవడన్నా వేస్తే, చుట్టూ మూగి తక్కెడ లాక్కుంటారు. ఇక్కడ అందరూ రికార్డులు మూసుకుని క్యాంటీనుకి పోయారు.

*

శుక్రవారం కాలేజీలో ఆహార కల్తీ మీద ప్రదర్శన. శివరాత్రికి ముందు వారం, తిరునాళ్ళలో జనం తినేవీ కొనేవీ ఎక్కువ కాబట్టి, చుట్టుపక్కల స్కూళ్ళ పిల్లల్నీ, డ్వాక్రా ఆడవాళ్ళనీ బస్సులు పెట్టి తీసుకొస్తున్నారు. బుధవారానికల్లా డిపార్ట్‌మెంట్ వరండాలో పోస్టర్లు తగిలించారు. మిర్చి పోస్టరు మొదట్లోనే, ఎర్ర అక్షరాలతో, షౌకత్ కారం మర పేరు. దాని కింద, వేరేవాళ్ళు తెచ్చిన మచ్చుల తాలూకు ఇంకో రెండు తోపుడుబండ్ల పేర్లు. మెస్సు ఊసే లేదు.

ఆమె పోస్టరు ముందు నిలబడి ఉండగానే దుర్గాప్రసాద్ ఫోనుతో ఫోటో తీశాడు. "పంపమాక రా," అంది జాహెదా.

"పంపేశా. మా కాలనీ గ్రూపులో. జనానికి తెలియాల్సిందేగా?"

వాడి మాట తప్పని ఎట్లా అంటుంది? జనానికి తెలియాల్సిందే. అయితే సగమే ఎందుకు తెలియాలి అన్నది ఆమెని పట్టుకుంది. నేరుగా హెచ్‌ఓడీ ప్రభాకరరావు గదికి పోయింది.

ప్రభాకరరావు గట్టిగా మాట్లాడే మనిషి కాదు. కుర్చీ చూపించాడు. మంచినీళ్ళ సీసా ఆమె వైపు జరిపాడు.

"మెస్ కారం కూడా పాజిటివ్ వచ్చింది సార్. పోస్టర్లో లేదేం?"

"అది రీచెక్‌లో ఉందమ్మా."

"మాది ఎందుకు రీచెక్‌లో లేదు సార్?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "నీ బాధ నాకు అర్థమైంది. మీ నాన్నగారి పేరు తీయించేస్తా. 'ఒక లూజు కారం' అని వేస్తే సరిపోద్ది. సరేనా? నువ్వు కూడా ఆ మెస్ సంగతి ఎత్తమాక. ఆ హాస్టల్ అమ్మాయి, నిస్సీ, ఆమెక్కూడా నువ్వే చెప్పు. మెస్ నడిపే పుల్లారావు గారు ఎవరో తెలుసుగా?"

"మన కాలేజీ ఛైర్మన్ గారి బావమరిది."

"శుక్రవారం టెంట్లు, భోజనాలు, అన్నీ ఆయనవే. ఇచ్చిపుచ్చుకుంటేనే పనులు జరుగుతాయమ్మా. వ్యాపారస్తుల పిల్లవి, నీకు నేను చెప్పాలా?"

చెప్పక్కర్లేదు. బేరం అని పేరు పెట్టకుండా పెట్టిన బేరాన్ని జాహెదా చిన్నప్పటి నుంచీ ఎరుగును. మొదట చెప్పిన ధరకే చెయ్యి కలిపేవాడు వ్యాపారి కాదనీ ఎరుగును. పైగా ఆమె లెక్కలో వాళ్ళ మర ఏ తప్పూ చెయ్యలేదు. చెయ్యని తప్పుకి మాఫీ తీసుకుంటే చేసినట్టు ఒప్పుకోవడమే.

"మా కారంలో రంగు కలపరు సార్. ఇంటికి పోయి ఆ సంగతేందో తేల్చుకుని వస్తా. అప్పుడు మాట్లాడతా," అని లేచింది. మంచినీళ్ళు ముట్టుకోలేదు.

*

ఆమె మరకి చేరేటప్పటికే ఫోటో చేరింది. షౌకత్ ఫోను ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో బెల్టు సర్దుతున్నాడు. కూతుర్ని చూసి మోటారు ఆపాడు.

"నా గల్లా దగ్గర్నుంచి నువ్వే తీసుకపోయి, నా పేరు నువ్వే రాసి ఇచ్చొచ్చావంట?"

"వచ్చింది వచ్చినట్టు రాశా అబ్బా."

"ఏందే వచ్చింది? నా బతుకులో కారంలో రంగు కలిపానా? ఇటుక పొడి కలిపానా? కారంపూడి నుంచి బస్సెక్కి వచ్చి పట్టించుకునేవాళ్ళున్నారు నా దగ్గర. దేనికి? ఒక్క గింజ మారదని."

"నేను కూడా అదే అన్నా. అందుకే వచ్చా."

"ఆ తగువేదో తర్వాత తేల్చుకోండి షౌకత్ భాయ్. నా సరుకు చూడు ముందు," అని అరుగు మీద నుంచి మల్లేశ్వరరావు లేచాడు. ఆయన కోటప్పకొండ తిరునాళ్ళలో పసుపు కుంకుమ దుకాణం వేస్తాడు. ఏటా శివరాత్రి ముందు ఆయన సరుకంతా ఈ మరలోనే విడతలుగా పడుతుంది; ఈ ఏడు మొదటి విడత పోయిన వారమే అయింది. పసుపు కొమ్ములు పట్టించుకుని, ఇంట్లో దానికి బజారు రంగు పట్టించి, ఆరబెట్టి, ఉండలు లేకుండా ఉండటానికి మళ్ళీ ఒకసారి మరలో వేయించుకుంటాడు. అలా వేస్తేనే కుంకుమ మెత్తగా, నుదుటన నిలిచేటట్టు వస్తుంది.

షౌకత్ మోటారు వేశాడు. కుంకుమ తొట్టిలోంచి దిగి, గుడ్డ గొట్టంలోంచి గోతాంలో పడుతోంది. మర గోడలూ, షౌకత్ కనుబొమ్మలూ ఎర్రబడ్డాయి. జాహెదా తల్లి ఖైరున్నీసా వసారాలో కూర్చుని మిరపకాయలకి తొడిమలు తీస్తూ, ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది.

కుంకుమ అయిపోయింది. మల్లేశ్వరరావు గోతాం మూతి కట్టుకుంటున్నాడు. షౌకత్ గుడ్డ గొట్టాన్ని దులిపాడు, జల్లెడని కర్రతో తట్టాడు. తర్వాత మూలనున్న బుట్టలోంచి తాలు కాయలు, అంటే ఎండకి తెల్లబోయి ధర పలకని కాయలు, రెండు దోసిళ్ళు తీసి తొట్టిలో పోశాడు. మర కడగడం ఇట్లాగే. నీళ్ళు పోస్తే ఇనుము పాడవుతుంది. కాబట్టి పనికిరాని కాయ వేసి, లోపల అంటుకున్నదాన్ని దాంతో పాటు బయటికి లాగుతారు. తర్వాత వచ్చే రైతు కాయ శుభ్రంగా పడుతుంది. ఇది జాహెదా కొన్ని వందల సార్లు చూసింది. ఈసారే చివరిదాకా చూసింది.

తెల్ల తాలు కాయ మరలోంచి ఎర్రటి కారమై వచ్చింది. షౌకత్ దాన్ని చేటలోకి ఊడ్చి, గల్లా పక్కనున్న రేకు డబ్బాలో పోశాడు.

"అబ్బా. అదెక్కడ పోశావ్?"

"ఎప్పుడూ పోసే చోటే. మర అడుగు మరవాడిదేగా. మా నాయన కాలం నుంచీ అంతే."

అది నిజమే. ప్రతి పట్టింపు తర్వాతా మరలో కాస్త మిగులుతుంది. దాన్ని గీకి అడగడం ఎవరికీ అలవాటు లేదు. అడుగంతా డబ్బాలో చేరుతుంది. ఊరందరి కాయా కలిసిన కారం అని షౌకత్ దాని గురించి గొప్పగానే చెప్పుకుంటాడు. పొట్లాలు కట్టి అమ్మేది దాన్నే. కొనేది కూలినాలి చేసుకునేవాళ్ళు, బజ్జీల బండ్లవాళ్ళు.

జాహెదా రెండు గాజు గ్లాసుల్లో నీళ్ళు తెచ్చి గల్లా మీద పెట్టింది. ఒకదాంట్లో, ఒక రైతు పొద్దున పట్టించి పెట్టిపోయిన కారం చిటికెడు చల్లింది. అది పైనే తేలి, నెమ్మదిగా నానింది. రెండోదాంట్లో డబ్బాలోది చల్లింది. చల్లీ చల్లగానే ఎర్రటి చారలు నీళ్ళలోకి జారాయి, సన్నగా, వంకరటింకరగా, అడుగుదాకా.

షౌకత్ గ్లాసు ఎత్తి వెలుగుకి పట్టి చూశాడు.

"కుంకుమేగా," అన్నాడు. "దేవుడికి పెట్టేది, ఆడవాళ్ళు నుదుటన పెట్టుకునేది. విషం కలిపానా నేను?"

"నుదుటన పెట్టుకునేది వేరు, కూరలో వేసుకునేది వేరు అబ్బా."

మల్లేశ్వరరావు నవ్వాడు. "కాలేజీ పిల్లలు ఇంతేలే భాయ్. నీళ్ళల్లో కూడా పురుగుల్ని చూస్తారు."

ఆ సమయానికే బేల్దారి పని నుంచి వస్తూ దేవమ్మ గుమ్మంలో ఆగింది. తల మీద తట్ట, చేతుల నిండా సిమెంటు. "జాహెదమ్మా, పది రూపాయల పొట్లం కట్టు తల్లీ. నీ దగ్గర కారం కూరలో వేస్తే ఎర్రగా కనపడద్ది, పిల్లలు కిక్కురుమనకుండా తింటారు."

జాహెదా డబ్బా మీద చెయ్యి పెట్టింది. "ఇది వద్దు పిన్నీ. రైతు కాయది కొంచెం కడతా, ఉండు."

"ఏయ్," షౌకత్ గొంతు పెంచాడు. "గిరాకీ ముందు డబ్బాకి పేరు పెడతావేందే? ఆ రైతు కారం నీ బాబుదా, ఇయ్యడానికి? కట్టు దీంట్లోదే."

అప్పుడు ఖైరున్నీసా, తొడిమలు తీసే చెయ్యి ఆపకుండా, తల ఎత్తకుండా అంది: "ఆ డబ్బాలోది మన ఇంట్లో కూరలో ఎన్నడన్నా వేశామా?"

ఆ ప్రశ్న షౌకత్‌ని అడిగిందో, తనని తాను అడుక్కుందో తెలియదు. వాళ్ళింటి కారం వాళ్ళ సొంత కాయది. వేరే జాడీలో, అటక మీద ఉంటుంది. అది దాపరికమూ కాదు, కుట్రా కాదు. ఇంటికి మంచిది, అమ్మకానికి మిగిలింది అనే పాత పద్ధతి. ఆ పద్ధతి మీదే జాహెదా కూడా అన్నం తింది, ఫీజు కట్టింది. ఆమె లెక్కలో అంతకుముందు లేని పద్దు అక్కడ పడింది.

ఆమె డబ్బా ఎత్తింది. బరువుగానే ఉంది. గుమ్మం దిగి, వీధి కాలవ దగ్గరికి పోయి బోర్లించింది. నీళ్ళు ఎర్రబడి, మల్లేశ్వరరావు చెప్పుల పక్క నుంచి పారాయి.

షౌకత్ గుమ్మం దాకా వచ్చి ఆగాడు. చెయ్యి ఎత్తాడు, దించాడు. వీధిలో నలుగురు చూస్తున్నారు.

"నీకు చదువు చెప్పించింది ఇందుకా?"

"ఇందుకే అబ్బా," అంది ఖాళీ డబ్బా పట్టుకుని. "ఇంకెందుకనుకున్నావ్?"

ఆ మాట తర్వాత ఆయన కూతురితో మాట్లాడటం మానేశాడు.

*

గురువారం మళ్ళీ ప్రభాకరరావు గదిలో నిలబడేటప్పటికి, ఆయన పెట్టిన బేరం నిన్నటికన్నా లాభసాటిగా మారింది. నిన్న వాళ్ళ మర తప్పు చెయ్యలేదనుకుంది. ఇవాళ చేసిందని తెలుసు. ఇప్పుడు పేరు తీయించుకుంటే నిజంగా మాఫీయే. తండ్రి మళ్ళీ మాట్లాడతాడు. మార్కులు ఎక్కడివక్కడ ఉంటాయి. నోరు మూసుకోవడమొక్కటే కట్టాల్సిన ధర. బజారులో ఇంతకన్నా చవక సరుకు దొరకదు.

చవగ్గా ఇస్తున్నాడంటే సరుకు చూసుకోవాలి.

"చెప్పమ్మా, పేరు తీసేయమంటావా?"

"వద్దు సార్. మా కారంలో రంగుంది. నేనే చూశా. మా పేరు ఉండనీయండి."

ఆయనకి అర్థం కాలేదు.

"దాని కింద మెస్ పేరు కూడా రాయించండి సార్. రెండూ ఉండాలి. లేకపోతే రెండూ తీసేయండి, ఆ తోపుడుబండ్లవాళ్ళవి కూడా."

"నువ్వు నాతో బేరమాడుతున్నావా?"

"నిన్న మొదలుపెట్టింది మీరే గదా సార్."

ప్రభాకరరావు మంచినీళ్ళ సీసాను తన వైపు జరుపుకున్నాడు. "ఇంటర్నల్ మార్కులు నా సంతకంతో పోతాయి. తెలుసుగా?"

"తెలుసు సార్."

"తెలిసి కూడా?"

"మా మర పేరు ఊరంతా చదివింది సార్. అంతకన్నా పెద్ద నష్టం మీ చేతిలో ఏముంది?"

బయటికొచ్చింది. వరండాలో నిస్సీ ఎదురుచూస్తోంది. "ఏమైందే?"

"పొరపాటున ధైర్యంగా మాట్లాడొచ్చా. నీ దారం ఉందా, పారేశావా?"

"రికార్డులో పిన్ను పెట్టి దాచా. మూడేళ్ళ నుంచి ఆ సాంబారు తాగుతన్నా నేను. ఊరికే పారేస్తానా?"

*

శుక్రవారం టెంట్ల కింద జనం కిటకిటలాడుతున్నారు. స్కూలు పిల్లలు పిండి కలిపిన పాలలో అయొడిన్ వేసి నీలం రంగు వస్తే కేకలు పెడుతున్నారు. ముఖ్య అతిథిగా జిల్లా నుంచి ఒక ఆఫీసరమ్మ వస్తుందని ప్రభాకరరావు కొత్త చొక్కాలో గేటు దగ్గర నిలబడ్డాడు.

ఆయన గేటు దగ్గర ఉన్న సమయమే జాహెదాకి కావాల్సింది. మార్కరు తీసుకుని, మిర్చి పోస్టరు మీద వాళ్ళ మర పేరు కింద, తోపుడుబండ్ల పేర్ల కింద, గుండ్రటి అక్షరాలతో రాసింది: 'మన హాస్టల్ మెస్ కారం: కృత్రిమ రంగు ఉంది.' నిస్సీ తన దారాన్నీ, జాహెదా దారాన్నీ ఎవరిది వాళ్ళ పేరు పక్కన గుచ్చింది. బల్ల మీద గ్లాసుల్లో నీళ్ళు పెట్టి, పక్కన కారం సీసాలు వరసగా పెట్టారు.

అటుగా వచ్చిన శ్రీదేవి మేడం పోస్టరు చూసి ఆగిపోయింది. చెరిపెయ్యండి అనలేదు, బాగుంది అనలేదు. బల్ల మీద ఒక గ్లాసులో నీళ్ళు మురికిగా ఉంటే పారబోసి, మంచినీళ్ళు నింపి పెట్టి, పాల బల్ల వైపు పోయింది.

డ్వాక్రా ఆడవాళ్ళు ముందుగా మూగారు. "షౌకత్ మరేగా ఇది? మా వదిన అక్కడే పట్టిస్తది," అంది ఒకామె.

"మా నాన్నదే అండి," అంది జాహెదా. "మీ వదిన సొంత కాయ తీసుకుపోతే భయం లేదు. పొట్లాలు కట్టి అమ్మిన కారంలో మాత్రం రంగుంది. ఇదిగో, చూడండి." చిటికెడు చల్లింది. చారలు దిగాయి. ఎట్లా వచ్చిందో, కుంకుమ ఎక్కడ కలిసిందో, తాలు కాయతో మర కడగడం గురించి, డబ్బా గురించి, దాచకుండా చెప్పింది. మొదటిసారి చెబుతుంటే మాటలు ముందూ వెనకా అయ్యాయి. రెండోసారి చెప్పేటప్పటికి సాఫీ అయింది.

"సొంత తండ్రి పరువు నువ్వే తీస్తన్నావేంది పిల్లా?" అంది ఒక ముసలామె.

"తీసింది కాలేజీవాళ్ళమ్మా. నేను తూకం సరిచేస్తన్నా. ఇది ఇంకొకరిది, చూడండి," అని మెస్సు కారం చల్లింది. చారలు ఇంకా చిక్కగా దిగాయి. హాస్టల్ పిల్లలు వెనక నుంచి "ఓహో" అని అరిచారు.

ఆ అరుపుకే ప్రభాకరరావు ఆఫీసరమ్మను వెంటబెట్టుకుని గబగబా వచ్చాడు. పోస్టరు చదివాడు. మొహంలో నెత్తురు లేదు. "ఎవరు రాశారిది?" అని పళ్ళ మధ్య నుంచి అన్నాడు. చెయ్యి పోస్టరు అంచు మీదికి పోయింది.

ఆఫీసరమ్మ కూడా చదివింది. గ్లాసులోకి వంగి చూసింది. "మీ హాస్టల్ మెస్సేనా?" అంది ఆశ్చర్యంగా. "సొంత కాలేజీ మెస్సు పేరు మీరే పెట్టారా? ఎవరి ఆలోచనమ్మా ఇది?"

ఆ క్షణాన జాహెదా ముందు రెండు దారులున్నాయి. నేనే అంటే పేరు ఆమెకొస్తుంది, పోస్టరు పోతుంది. సరుకు నిలబడాలంటే కొన్నిసార్లు దాని మీద ఎదుటివాడి ముద్ర వెయ్యాలి. అది ఆమెకి ఏ క్లాసులోనూ చెప్పలేదు.

"మా హెచ్‌ఓడీ సార్‌ది మేడం," అంది స్పష్టంగా, నలుగురికీ వినపడేటట్టు. "బయటివాళ్ళ పేర్లు రాసినప్పుడు మన మెస్సుని కూడా వదలొద్దన్నారు. సైన్సులో మొహమాటం ఉండదన్నారు."

పోస్టరు అంచు మీద ప్రభాకరరావు చెయ్యి ఆగిపోయింది. ఆఫీసరమ్మ ఆయన వైపు తిరిగి, "చాలా కాలేజీలు చూశా కానీ ఇట్లా ఎవరూ చెయ్యలేదు సార్," అంది. డ్వాక్రా ఆడవాళ్ళలో ఎవరో చప్పట్లు కొట్టారు. పిల్లలు అందుకున్నారు. ఫోటోగ్రాఫరు పోస్టరు పక్కన నిలబడమని సైగ చేశాడు.

ప్రభాకరరావు చెయ్యి పోస్టరు అంచుని వదిలి, నెమ్మదిగా, దాన్ని నిటారుగా సర్దింది. "మా డిపార్ట్‌మెంటులో ముందు నుంచీ అదే పద్ధతి మేడం," అన్నాడు.

ఫోటో పడింది. నిస్సీ బల్ల కిందకి వంగి, నోట్లో చున్నీ కుక్కుకుని నవ్వింది.

ఆఫీసరమ్మ పోయాక ఆయన ఒక్క క్షణం వెనకబడి, జాహెదాకి మాత్రమే వినపడేటట్టు అన్నాడు: "ఇది నేను గుర్తుపెట్టుకుంటా."

"నేను కూడా సార్," అంది జాహెదా.

తర్వాత పొద్దుపోయేదాకా ఆ బల్ల ముందు వరస తరగలేదు. కొంగుల్లోంచి, హ్యాండుబ్యాగుల్లోంచి, లంచ్ బాక్సు మూతల్లోంచి జనం తమ కారాలు తీసి ముందుకు చాపారు. నాది చూడమ్మా, ముందు నాది చూడు అని తోసుకున్నారు.

*

ఆదివారం మల్లేశ్వరరావు మూడో విడత కుంకుమ ఆటోలో వేసుకుని వచ్చాడు. జాహెదా మర ముందే కూర్చుని ఉంది. లేచి తొట్టికి అడ్డంగా నిలబడింది.

"ఇక్కడ కారం పట్టే మరలో కుంకుమ పట్టం బాబాయ్."

"చెప్పాల్సింది నువ్వా, మీ నాయనా? ఏం భాయ్, ఇన్నేళ్ళ గిరాకీని పిల్ల చేత ఎళ్ళగొట్టిస్తావా?"

షౌకత్ మోటారు దగ్గర కూర్చుని బెల్టుకి మైనం రాస్తున్నాడు. కూతురితో మాట్లాడక నాలుగో రోజు. రాయడం పూర్తిచేసి, చేతులు గుడ్డకి తుడుచుకుని లేచాడు. ఆటో దగ్గరికి పోయి గోతాం మూతి మీద చెయ్యి వేసి చూశాడు. ఏటా వచ్చే సరుకు. ఏటా మిగిలే మిగులు.

"చిలకలూరిపేట రోడ్డులో పసుపు మర ఉందిగా మల్లన్నా, అక్కడ వేయించు," అన్నాడు. "ఊరంతా మా మర పేరు ఎర్ర అక్షరాల్లో చదివింది. ఇంక నా గుమ్మంలో కుంకుమ బస్తా కనపడితే నేను బతికినట్టా?"

అది పశ్చాత్తాపం అని జాహెదా అనుకోలేదు. వ్యాపారి లెక్క అది. దాన్ని తక్కువ చెయ్యాలని కూడా ఆమెకి అనిపించలేదు. మల్లేశ్వరరావు గొణుక్కుంటూ ఆటో తిప్పించాడు. షౌకత్ మర విప్పి, జల్లెడ బయటికి తీసి, కూతురి వైపు చూడకుండానే, "నీ చదువులో ఇనుము ఎట్లా కడగాలో చెప్పారా, లేదా?" అన్నాడు.

"చెప్పారు. పొడి బ్రష్షు పట్టుకురా అబ్బా."

తండ్రీ కూతురూ మధ్యాహ్నం దాకా మరని ముక్క ముక్కా తుడిచారు.

వేసవి సెలవులకి జాహెదా మొత్తం కూడి చూసుకుంది. పోయినవి: కుంకుమ గిరాకీ అంతా. కారంపూడి నుంచి వచ్చే రైతుల్లో కొందరు, ఫోటో చూసి ఇంకో మరకి మారినవాళ్ళు. అందరూ తిరిగి రాలేదు. ఇంటర్నల్ మార్కులు, ప్రభాకరరావు అన్నట్టే, ఎక్కడ కొయ్యాలో అక్కడ కోశాడు. క్యాంపస్ ఇంటర్వ్యూకి కటాఫ్ దగ్గర ఆగిపోయింది. శ్రీదేవి మేడం కాంట్రాక్టు పొడిగించలేదు; అందులో తన వాటా ఎంతో ఆమెకి తెలియదు, ఆ పద్దు కొట్టెయ్యలేదు కూడా. వచ్చినవి: హాస్టల్ సాంబారు రంగు తగ్గింది, నిస్సీ చప్పగా ఉందని తిట్టుకుంటూ తాగుతోంది. ప్రదర్శనలో వరస కట్టిన ఆడవాళ్ళు ఆదివారాలు మరకి వచ్చి, గల్లా మీద గ్లాసు పెట్టించుకుని తమ కారం చూపించుకుంటున్నారు. పిలవకుండా వచ్చిన గిరాకీ అది. షౌకత్ మొదట విసుక్కున్నాడు. తర్వాత గ్లాసులు తనే కడిగి పెట్టడం మొదలుపెట్టాడు.

మర అడుగు రోజూ సాయంత్రం కాలవలోకి పోతోంది. పొట్లాలకి షౌకత్ విడిగా కాయ కొని, తొడిమ తీయించి పడుతున్నాడు. పొట్లం పాత ధరే. మిగులు మాత్రం పాతది కాదు.

ఒక సాయంత్రం దేవమ్మ వచ్చింది. పొట్లం విప్పి చూసింది. "ఎరుపు తగ్గిందేంది అన్నా?"

"కాయ రంగు అంతేనమ్మా," అన్నాడు షౌకత్.

ఆమె నాలిక మీద వేసుకుంది. కళ్ళు చికిలించింది. కొంగుతో నోరు తుడుచుకుని, ఇంకో పొట్లం కట్టమంది. పక్కనే కారంపూడి రైతు ఒకాయన తన బస్తా కారం ఆటోకి ఎత్తించుకుంటున్నాడు. ఆ బస్తాలోనూ, దేవమ్మ చేతిలోని పొట్లంలోనూ ఇప్పుడు ఒకటే సరుకు, ఉత్త కాయ కారం. జాహెదా ఎన్నిసార్లు కూడి తీసేసినా, నికరంగా మిగిలింది అదే. ఆమె దాన్ని లాభంలోనే రాసుకుంది.